పాత స్టీరింగ్ కొనేముందు బోర్లా తిప్పి చూడండి

పాత కార్లు బాగుచేసే షెడ్డులో పనికి చేరినవాళ్లూ, వాటి విడిభాగాలు కొని అమ్మేవాళ్లూ ఎక్కువగా మోసపోయే వస్తువుల్లో స్టీరింగ్ ఒకటి. 1960ల నాటి నార్డీ కంపెనీ చెక్క స్టీరింగ్‌కీ, దాన్ని చూసి నిన్నమొన్న చేసినదానికీ ధరలో పొంతనే ఉండదు. ముందు నుంచి చూస్తే మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి. నకలు చేసేవాడు తన పనితనమంతా ముందువైపే పెడతాడు. అందుకే స్టీరింగ్ చేతికి రాగానే బోర్లా తిప్పండి.

మొమో సంగతే చూడండి. రేసింగ్ డ్రైవర్ జాన్‌పియెరో మొరెట్టి 1964లో ఇటలీలో పెట్టిన కంపెనీ అది. 1970ల ప్రొటొటిపో లాంటి మోడళ్లకు స్పోకుల వెనకవైపు తయారైన నెల, ఏడాది గుద్ది ఉంటాయి. జర్మనీ ఆమోదం పొందినవాటి మీద కేబీఏ అక్షరాలతో ఒక నంబరు కూడా కనిపిస్తుంది. 1974 నాటి కారులో 9-79 అని ఉన్న స్టీరింగ్ చూపించి ‘ఫ్యాక్టరీ నుంచి ఇదే వచ్చింది’ అంటే నమ్మకండి. స్టీరింగ్ అసలుదే కావచ్చు, కానీ ఆ కారుతో పుట్టింది కాదు.

అంకె ఉందా లేదా అన్నదానితో ఆగొద్దు, ఎలా పడిందో చూడండి. పంచ్‌తో గుద్దితే లోహం పక్కకి జరిగి అంకె చుట్టూ సన్నని గట్టు లేస్తుంది, గోటితో గీస్తే తగులుతుంది. ఈమధ్య లేజర్‌తో చెక్కిన అంకెకి అలాంటి గట్టు ఉండదు. పాలిష్ పట్టినా గట్టు అరిగిపోతుంది గనక, ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. స్పోకుల్లోని రంధ్రాలు ఇంకా గట్టి సాక్ష్యం. ప్రెస్ మీద కొట్టిన రంధ్రానికి ఒకవైపు అంచు కొద్దిగా లోపలికి వంగుతుంది, లోపలి గోడ కొంత మేర నున్నగా, మిగతా మేర గరుకుగా ఉంటుంది. లేజర్ కోతలో గోడ పొడవునా సన్నని నిలువు చారలు కనిపిస్తాయి. ఒక భూతద్దం, ఒక టార్చి చాలు.

చెక్క రిమ్ అయితే వేలితో తడమండి. ఏళ్లు గడిచేకొద్దీ చెక్క కుంచించుకుపోతుంది, లోపలి అల్యూమినియం కుంచించుకుపోదు. అందువల్ల రెండూ కలిసేచోట చిన్న ఎత్తుపల్లం తెలుస్తుంది. కొత్తదానిలో అక్కడ అద్దంలా నున్నగా ఉంటుంది. 1950ల ప్లాస్టిక్ రిమ్ముల్లో పగుళ్లు ఎక్కువగా రిమ్, స్పోకు కలిసేచోటే వస్తాయి. రిమ్ చుట్టూ ఒకే తీరున అరుగుదల ఉంటే అనుమానించండి. మనిషి చేతులు పడేది కొన్ని చోట్లే.

బ్రిటిష్ కార్ల స్టీరింగ్‌కి స్క్రూల మరలు కూడా కొలవండి. 1955 నాటి వస్తువులో మెట్రిక్ మర కనిపిస్తే, ఎవరో తరవాత చెయ్యి పెట్టి ఉండొచ్చు.

చాలామంది తికమకపడేది ఇంకొకటి ఉంది. నార్డీ, మొమో, ఇంగ్లండులోని మోటోలిటా ఇవాళ్టికీ స్టీరింగులు చేస్తున్నాయి. పోయిన ఏడాది నార్డీ చేసిన స్టీరింగ్ నకిలీ కాదు, అలాగని ఆ కాలపుదీ కాదు. కంపెనీ ముద్ర ఒక్కటే చూసి వయసు చెప్పలేం. బోల్టు రంధ్రాలు కూడా చూడండి. మామూలుగా ఆరు బోల్టుల వృత్తం మొమోకి 70 మిల్లీమీటర్లు, నార్డీకి 74. రంధ్రాలను ఆకురాయితో సాగదీసి ఉంటే వేరే హబ్ మీద బలవంతంగా బిగించారని అర్థం. అలాంటిది ఎంత పాతదైనా రోడ్డెక్కే కారుకి బిగించకండి. స్టీరింగ్ ఊగితే పోయేది ప్రాణం.

ఆన్‌లైన్‌లో కొంటుంటే వెనకవైపు, హబ్, అంకెలు విడివిడిగా వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. ఎన్నిసార్లు అడిగినా వెనకవైపు చూపించనివాడి దగ్గర కొనకండి. సరుకు వచ్చాక తుడవకముందే మీరూ ఫొటోలు తీసుకోండి. వెనకవైపు గరుకు కాగితం మాత్రం పెట్టనివ్వకండి. అంకెలు ఒకసారి అరిగిపోతే ఆ స్టీరింగ్ ఎప్పటిదో రుజువు చేయడం చాలా కష్టం.

మీరు అమ్మేటప్పుడు బిల్లులో ‘ఒరిజినల్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. కారుతో వచ్చినదా, ఆ కాలంలోనే విడిగా కొన్నదా, అదే కంపెనీ ఇటీవల చేసినదా, ఇంకొకరు చేసిన నకలా, ఏదైతే అది రాయండి. లోపలి చట్రం పాతదై, రిమ్ కొత్తగా పోతపోయిస్తే అదీ రాయండి. మీకు కనిపించిన అంకెను కనిపించినట్టే బిల్లు మీద ఎక్కించి, వెనకవైపు ఫొటో జతచేసి ఇవ్వండి.