‘పలాస’ ఎవరిది, పిల్లదా బస్సుదా?

చెల్లెళ్లూ, ఈసారి ముచ్చట ఇంగ్లీషు గ్రామరు. పేజీ తిప్పేయకండి, ఆవకాయ కబుర్లు వచ్చే నెల చెప్పుకుందాం.

మా ఎచ్చెర్లలో టెట్‌కీ డీఎస్సీకీ చదివే ఆడపిల్లలకి లోటు లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులని ప్రకటన వచ్చాక, చంకలో పిల్లలున్నవాళ్లు కూడా అటక మీది పుస్తకాలు దింపారు. వాళ్లలో కొందరు రాత్రి వంట ముగించుకుని మా అరుగు మీద చేరుతుంటారు. సైకాలజీ, లెక్కలు వాళ్లే చూసుకుంటారు. ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి ఒకటే గోడు: “అప్పా, ప్రిపొజిషన్ అంటే ఏటో నోటికొచ్చు. వాక్యంలో ఎక్కడుందో పోల్చమంటేనే పోల్చలేకపోతన్నాను.”

నోటికొచ్చిన దాంతోనే చిక్కంతా. బడిలో మనకి పెట్టె బొమ్మ, పిల్లి బొమ్మ చూపించారు. పిల్లి పెట్టెలో ఉంటే ఇన్, పైన కూర్చుంటే ఆన్, కింద దూరితే అండర్. దాంతో, చోటు చెప్పేదే ప్రిపొజిషన్ అని బుర్రలో పడిపోయింది. మరి ‘ఎ కప్ ఆఫ్ టీ’లో ‘ఆఫ్’ ఏ చోటు చెబుతోంది? ‘మెడిసిన్ ఫర్ ఫీవర్’లో పిల్లీ లేదు, పెట్టే లేదు. ఆ తరవాత కోచింగ్ నోట్సులో బారెడు జాబితా ఇస్తారు. దాన్ని బట్టీ పట్టడం కాలం దండగని నా అభిప్రాయం. ఒక వాక్యంలో ప్రిపొజిషనైన మాటే పక్క వాక్యంలో ఇంకేదో అయిపోతుంది. అప్పుడు జాబితా ఏం ఆదుకుంటుంది?

ముందు ధైర్యం తెచ్చుకోండి. ఈ సరుకు మన ఇంట్లో ఉన్నదే. ‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని బెంచీలెక్కి అరిచినవాళ్లమే కదా మనందరం! నాగావళిలో, గట్టు మీద, అరసవిల్లికి, అమ్మతో, జ్వరం వల్ల అంటాం. పేరు ముందొస్తుంది, దాని వెనకాల ‘లో’, ‘మీద’, ‘కి’, ‘తో’, ‘వల్ల’ తగులుకుంటాయి. ఇంగ్లీషులో ఇది తిరగబడుతుంది: ఇన్ ద నాగావళి, ఆన్ ద బండ్, టు అరసవిల్లి, విత్ మదర్. మన విభక్తి రైలుకి గార్డు పెట్టెలాంటిదైతే వాళ్ల ప్రిపొజిషన్ ఇంజను, అంతే తేడా. 1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడ భాషల్ని పక్కపక్కన పెట్టి వ్యాకరణం రాసినప్పుడు, సంస్కృతానికీ వీటికీ ఉన్న భేదాల్లో ఇలా పేరు వెనకాల మాట తగిలించడాన్నీ ఒకటిగా లెక్కపెట్టాడు. తెలుగు నేర్చుకున్న దొరలు పడిన పాట్లే మనం తలకిందులుగా పడుతున్నాం.

ఇంకో పోలిక కూడా ఉంది. మన విభక్తి తగిలితే పేరు రూపు మారుతుంది. ‘ఇల్లు’ కాస్తా ‘ఇంట్లో’ అవుతుంది, ‘చెయ్యి’ ‘చేతిలో’ అవుతుంది. ఇంగ్లీషులో పేర్లు కదలవుగానీ సర్వనామాలు కదులుతాయి. ‘ఐ’ పోయి ‘మీ’ వస్తుంది, ‘హీ’ పోయి ‘హిమ్’ వస్తుంది. ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అనేవాళ్లు సూటూ బూటూ వేసుకున్నవాళ్లలోనూ ఉన్నారు. ‘బిట్వీన్ యూ అండ్ మీ’ అనాలని మీరు ధైర్యంగా దిద్దొచ్చు.

ఇక పోల్చుకోవడం ఎలాగో చూద్దాం. ఈ వాక్యం చదవండి: “ద ఉమెన్ ఫ్రమ్ ఎచ్చెర్ల వెయిటెడ్ ఫర్ ఎన్ ఆటో అండర్ ద ఓల్డ్ నీమ్ ట్రీ.” అనుమానమున్న చిన్నమాట దగ్గర ఆగి, దాన్నే పట్టుకుని ప్రశ్న వెయ్యండి. ఫ్రమ్... ఎక్కడ? ఎచ్చెర్ల. ఫర్... ఏది? ఎన్ ఆటో. అండర్... ఏది? ద ఓల్డ్ నీమ్ ట్రీ. ఇలా జవాబుగా ఒక పేరో సర్వనామమో దొరికితే ఆ చిన్నమాట ప్రిపొజిషనే. అక్కడ మొదలెట్టి ఆ పేరు వరకూ గీత గీస్తే అదే ప్రిపొజిషనల్ ఫ్రేజు. మధ్యలో ‘ద’, ‘ఓల్డ్’, ‘నీమ్’ లాంటివి ఎన్ని దూరినా అవన్నీ గీత లోపలివే. చాలామంది ‘అండర్ ద’ వరకూ గీసి ఆపేస్తారు. పేరు దొరికేదాకా పెన్ను ఎత్తకండి.

ఒక్కోసారి రెండు మూడు మాటలు కలిసి ఒకే ప్రిపొజిషన్‌గా నడుస్తాయి. మా ఊళ్లో అంబేద్కర్ యూనివర్సిటీ ఎదుట బస్సు ఆగిందని రాయాలనుకోండి, “ద బస్ స్టాప్డ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద యూనివర్సిటీ.” ఇక్కడ ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’ మొత్తం కలిపి మన ‘ఎదుట’. ‘ఇన్ స్పైట్ ఆఫ్’, ‘బికాజ్ ఆఫ్’ కూడా అంతే. ‘బికాజ్’ ఒంటరిగా వస్తే మాత్రం ప్రిపొజిషన్ కాదు, దాని వెనక పూర్తి వాక్యం వస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికొచ్చాం. ఫ్రేజు పట్టుకున్నాక, అది ఎవరి తాలూకో తేల్చుకోవాలి. కొన్ని ఫ్రేజులు పేరుకి చెందుతాయి, ఏది, ఎవరు అని వివరిస్తాయి. ‘ద ఉమెన్ ఫ్రమ్ ఎచ్చెర్ల’ అంటే ఏ ఆడవాళ్లు? ఎచ్చెర్ల వాళ్లు. ఇది విశేషణం పని. కొన్ని క్రియకి చెందుతాయి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎందుకు అన్నవాటికి జవాబిస్తాయి. ఎక్కడ నిలబడి ఎదురుచూశారు? వేపచెట్టు కింద. ఇది క్రియావిశేషణం పని. ఇంతవరకూ సుఖమే. కానీ దీన్ని చూడండి:

“ఐ మెట్ ద గర్ల్ ఆన్ ద బస్ ఫ్రమ్ పలాస.”

అరుగు మీద ఈ వాక్యం వేసిన రోజు పెద్ద గలాటా. ఒకమ్మాయి, “పిల్లది పలాస” అంది. రెండోది, “కాదొలే, బస్సుది పలాస” అంది. మూడోది నెమ్మదస్తురాలు, “ఆన్ ద బస్ అన్నది పిల్లకా, మెట్‌కా? నువ్వు బస్సులో కలిసేవా, బస్సులో ఉన్న పిల్లని కిందనుంచి చూసి కలిసేవా?” అనడిగింది. ముగ్గురూ రైటే! ఇంగ్లీషు వాక్యం తనంతట తాను ఏదీ తేల్చదు, ముందూ వెనకా వాక్యాలు చూసి మనమే తేల్చుకోవాలి. అదే ముక్క తెలుగులో చెప్పండి. ‘పలాస నుంచి వచ్చే బస్సులో ఒక పిల్ల కలిసింది’ అనాలి, లేదా ‘బస్సులో ఒక పలాస పిల్ల కలిసింది’ అనాలి. ‘పలాస’ని ఎక్కడ పెట్టాలో మాట నోట రాకముందే నిర్ణయించుకోక తప్పదు. ఇంగ్లీషులో ఫ్రేజులన్నీ వెనకాల వరసగా తగిలించుకుంటూ పోవచ్చు కాబట్టి ఏది దేనిదో కలిసిపోతుంది. అందుకే చదివే ప్రతి ఫ్రేజునీ తెలుగులోకి తిప్పి చూసుకోమంటాను. దాని చోటు ఎక్కడో ఇట్టే తెలిసిపోతుంది. తెలుగు మీడియంలో చదివామని చిన్నబుచ్చుకునే చెల్లెళ్లు ఈ లాభం గుర్తుపెట్టుకోండి.

అన్నట్టు ‘ఇన్ ద బస్’ కాదా, ‘ఆన్ ద బస్’ ఏంటి, టాప్ మీద కూర్చుందా అని నవ్వకండి. నిలబడి, నడవడానికి వీలుండే బస్సుకీ రైలుకీ ‘ఆన్’ అంటారు, ముడుచుకుని కూర్చునే కారుకీ ఆటోకీ ‘ఇన్’. మన చిలకపాలెం ఆటోల్లో అయితే డ్రైవరు పక్కన వేలాడేవాళ్లకి ఏం వాడాలో నాకూ తెలీదు.

పరీక్షలో మార్కులు పోయేది ఇంకోచోట. “ద ప్రైస్ ఆఫ్ ద క్యాష్యూస్ ఫ్రమ్ పలాస...” అని ఇచ్చి, తరవాత ‘హ్యాజ్ రిజెన్’ పెట్టాలా, ‘హ్యావ్ రిజెన్’ పెట్టాలా అంటాడు. పక్కనే జీడిపప్పులు బహువచనంలో కనిపించేసరికి చెయ్యి ‘హ్యావ్’ మీదకి పోతుంది. పెన్సిలు తీసుకుని ‘ఆఫ్ ద క్యాష్యూస్’కి ఒక బ్రాకెట్టు, ‘ఫ్రమ్ పలాస’కి ఒక బ్రాకెట్టు వెయ్యండి. మిగిలింది ‘ద ప్రైస్’. పెరిగింది ధర, ధర ఒక్కటే, కాబట్టి ‘హ్యాజ్’. వాక్యానికి కర్త ప్రిపొజిషనల్ ఫ్రేజు లోపల దాక్కోదు. ‘వన్ ఆఫ్ ద గర్ల్స్’కి ‘ఈజ్’ రావడం కూడా ఇందుకే. ‘ఎ లాట్ ఆఫ్’, ‘సమ్ ఆఫ్’, ‘మోస్ట్ ఆఫ్’ లాంటి కొలతమాటలొస్తే మాత్రం బ్రాకెట్టులోకి తొంగిచూడాలి. ‘మోస్ట్ ఆఫ్ ద రైస్ ఈజ్’ అంటాం, ‘మోస్ట్ ఆఫ్ ద గర్ల్స్ ఆర్’ అంటాం.

ఇక వేషాలు మార్చే మాటలు. “అదేటప్పా, ‘టు’ కనబడితే ప్రిపొజిషనే కదా?” అని అడుగుతారు. “ఐ వాంట్ టు గో టు శ్రీకాకుళం” చూడండి. మొదటి ‘టు’ వెనక ‘గో’ అనే క్రియ ఉంది కాబట్టి అది ప్రిపొజిషన్ కాదు. రెండోదాని వెనక ఊరి పేరుంది కాబట్టి అవును. ‘బిఫోర్ సన్‌రైజ్’లో ‘బిఫోర్’ ప్రిపొజిషన్. ‘బిఫోర్ ద సన్ రైజెస్’ అంటే వెనక కర్తా క్రియా రెండూ వచ్చేశాయి, ఇక అది రెండు వాక్యాల్ని కలిపే మాట. రథసప్తమికి మన అరసవిల్లి క్యూలో నిలబడ్డానికి రెండూ పనికొస్తాయనుకోండి, గ్రామరుకి మాత్రం వేరువేరు. ‘ఆఫ్టర్’, ‘సిన్స్’ కూడా ఈ బాపతే.

‘కమ్ ఇన్’, ‘సిట్ డౌన్’ అన్నప్పుడు వెనక ఏ పేరూ లేదు, కాబట్టి అక్కడ ప్రిపొజిషన్ లేదు. అన్నిటికంటే గడుసుది ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’. వెనక ‘ద ఫ్యాన్’ ఉంది కదా అని గీత గీసేస్తాం. దీనికో పరీక్ష ఉంది. ‘ఫ్యాన్’ తీసేసి ‘ఇట్’ పెట్టండి. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అంటాం, ‘ఇట్’ మధ్యలోకి వచ్చింది. అలా వస్తే ‘ఆఫ్’ క్రియతో జతకట్టిన ముక్క. ‘షి క్లైంబ్డ్ అప్ ద హిల్’ని ‘క్లైంబ్డ్ ఇట్ అప్’ అనలేం, అక్కడ ‘అప్’ నికార్సైన ప్రిపొజిషన్. ‘వాట్ ఆర్ యూ లుకింగ్ ఎట్?’లో ‘ఎట్’ వెనక ఖాళీగా ఉంది కదా అంటారేమో. దాని పేరు ‘వాట్’ అయి వాక్యం ముందుకు వెళ్లి కూర్చుంది. ‘ఎట్... ఏది?’ అని అడిగితే దొరికిపోతుంది.

పోల్చుకోవడం ఒక ఎత్తు, సొంతంగా వాడడం ఇంకో ఎత్తు. మన విభక్తిని అక్షరాలా మోసుకెళ్తే అక్కడే తడబడతాం. ‘నా మీద కోపం’ కాబట్టి ‘యాంగ్రీ ఆన్ మీ’ అంటాం, వాళ్లు ‘విత్ మీ’ అంటారు. ‘ఆయనతో పెళ్లి’ కాబట్టి ‘మ్యారీడ్ విత్’ అంటాం, వాళ్లు ‘మ్యారీడ్ టు’ అంటారు. ‘నాకంటే సీనియర్’ అని ‘సీనియర్ దాన్’ అంటాం, అక్కడ ‘సీనియర్ టు’. ‘దాని గురించి చర్చించాం’ అని ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’ అంటాం, ‘డిస్కస్’కి ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు. మన ‘కి’ మరీ పనిమంతురాలు. ఐదింటికి, ఊరికి, జ్వరానికి అని మూడు చోట్లా అదే. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఎట్’, రెండోదానికి ‘టు’, మూడోదానికి ‘ఫర్’. వీటికి సూత్రాలు వెతకొద్దు. ‘మ్యారీడ్ టు’ని జంటగానే చెవికి ఎక్కించుకోవాలి.

చెవి మాటొచ్చింది కాబట్టి మన జిల్లా పెద్దాయన్ని తలుచుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవరల భాష వాళ్ల నోటి నుంచే విని నేర్చుకున్నారు. తరవాత దానికి ఇంగ్లీషులో వ్యాకరణం రాస్తే 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. ఆయన అడుగు వేసిన వరస చూశారా? ముందు వినడం, తరవాత మాట్లాడడం, ఆఖర్న వ్యాకరణం. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా మన ప్రాంతానికొచ్చిన యేట్స్ దొర కూడా భాష నేర్పడంలో మాటకే పెద్దపీట వెయ్యాలన్నవాడు. గురజాడ, గిడుగు వాడుక తెలుగు కోసం నడుం కట్టడానికి ఆ దొరతో పరిచయం ఒక కారణమైంది. మనం ఇంగ్లీషుకి ఈ వరసని తలకిందులు చేశాం. సూత్రంతో మొదలెట్టి, సూత్రంతోనే ఆపేసి, వినడాన్ని వదిలేశాం. రోజూ ఇంగ్లీషు పేపరులో పది వాక్యాలు పైకి చదవండి. పిల్లలు నవ్వితే నవ్వనీండి, వాళ్లకీ వినబడుతుంది.

ఈ నెల ఇంటిపని ఇది. పెన్సిలు తీసుకుని బ్రాకెట్లు వెయ్యండి: “ద రైల్వే స్టేషన్ ఫర్ శ్రీకాకుళం ఈజ్ ఇన్ ఆమదాలవలస, అండ్ బిఫోర్ యూ గెట్ ఆఫ్ ద ట్రెయిన్ ఎట్ మిడ్‌నైట్, యూ హ్యావ్ టు ఫోన్ సమ్‌వన్ ఎట్ హోమ్ ఎబౌట్ ద ఆటో టు ఎచ్చెర్ల.” ‘బిఫోర్’ దగ్గరా, మొదటి ‘టు’ దగ్గరా పెన్సిలు ఆగాలి. ‘గెట్ ఆఫ్ ద ట్రెయిన్’లో ‘ట్రెయిన్’ తీసేసి ‘ఇట్’ని మధ్యలో పెట్టి చూడండి, కుదరలేదంటే ఏం చెయ్యాలో మీకే తెలుసు.