సైకిళ్లను మోయు చట్రము

నాందేడు నుండి గోదావరి దిగువనున్న బాసరకు జీపులో పోవుచు, అచ్చట తిరుగుటకై రెండు సైకిళ్లను వెనుక తలుపునకు తగిలించితిమనుకొనుడు. మామూలు ఇనుప సైకిలు సుమారు 20 కిలోగ్రాములు తూగును. తలుపునకు 30 సెంటీమీటర్ల దూరముననున్న సైకిలు కంటె 60 సెంటీమీటర్ల దూరముననున్నది మడతబందులపై రెట్టింపు భ్రామకమును కలిగించును. బరువు మాత్రము ఒక్కటే! తులాదండపు పాఠమున మీరు చదివినది ఇదియే. గతుకులలో ఈ లాగుడు ఇంకను హెచ్చును. బందు ఊడి సైకిలు రోడ్డుపై పడినచో, వెనుక వచ్చువాని ప్రాణమునకే ముప్పు.

కావున చట్రమును తలుపునకుగాక అడుగుననున్న ఛాసిస్‌కు బిగించుట మేలు. బరువైన సైకిలు బండికి చేరువగా నుండవలెను. ఎర్రదీపములు, నంబరు పలక మరుగుపడరాదు. పైకప్పుపై కట్టినచో తలుపునకు శ్రమ తప్పును గాని, గరిమనాభి పైకి జరిగి బండి మలుపులలో ఒరుగును. రాపిడి తగులుచోట పాత ట్యూబు ముక్కలు చుట్టుడు; సైకిలు షాపున అడిగిన ఊరకయే ఇత్తురు. కొంత దూరము పోయిన పిదప ఆగి, కట్లను ఒకసారి లాగి చూడుడు.