గ్రూప్ కౌన్సెలింగ్‌కు పొమ్మన్నారా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తల్లిదండ్రులు అడిగేవి

మా పిలగాన్ని బోర్డు గ్రూప్ కౌన్సెలింగ్‌కు పొమ్మన్నది. జైలు శిక్ష లెక్కనేనా?
కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ కింద జువెనైల్ జస్టిస్ బోర్డు ఇచ్చే ఉత్తర్వుల్లో ఇదొకటి. మందలించి ఇంటికి పంపడం మొదలు, మూడేళ్లకు మించకుండా స్పెషల్ హోంకు పంపడం దాకా ఆ జాబితా సాగుతుంది. ఇది తేలికైన వాటిలోదే. విచారణలో తప్పు చేసినట్టు తేలాకే ఇస్తారు. స్టేషన్‌లో కూర్చోబెట్టి నాలుగు మాటలనడం కౌన్సెలింగ్ కాదు. పట్టుకున్న పిల్లవాణ్ని 24 గంటల్లోపు, ప్రయాణ సమయం పోను, బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో పెట్టకూడదు.

అట్లాంటి పోరగాళ్లందరినీ ఒక్కదగ్గర కూసోబెడితే ఇంకా చెడిపోరా?
అడగాల్సిన ప్రశ్నే ఇది. ఈ భయాన్ని పరిశోధకులూ కొట్టిపారేయలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన ఒక కార్యక్రమంలో మగపిల్లలను వేసవి శిబిరాలకూ పంపారు. ఒకటికి రెండుసార్లు వెళ్లినవాళ్లు పెద్దయ్యాక మరింత దెబ్బతిన్నారని డిషన్, మెక్‌కార్డ్, పూలిన్ 1999లో రాశారు. ఒకడు చేసిన ఘనకార్యం చెబుతుంటే మిగతావాళ్లు నవ్వడమే అక్కడ పాఠమైపోతుంది. కౌన్సెలర్ గట్టివాడైతే ఆ నవ్వును అక్కడే ఆపి, "దోస్తు బండి తాళం చూపించి పోదాం రా అంటే ఏమంటావు?" అని పిల్లలతోనే ఆడించి చూపిస్తాడు.

అందుకే ప్రొబేషన్ ఆఫీసర్‌ను అడగండి: గ్రూపు ఎవరు నడుపుతున్నారు? మొదటిసారి వచ్చినవాళ్లను ముదిరినవాళ్లతో కలుపుతున్నారా? గంజాయి అలవాటుంటే డీ-అడిక్షన్‌కు పంపమని బోర్డును కోరవచ్చు. చట్టంలో ఆ వీలుంది.

మాది తండా. పిల్లకు తెలుగు సక్కగ రాదు.
విచారణలో మాట్లాడే భాష అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయడం 8వ సెక్షన్ ప్రకారం బోర్డు బాధ్యత. లంబాడీ అయినా కోయ అయినా అంతే. గ్రూపులోనూ ఆ సాయం కావాలని అప్పుడే చెప్పండి.

అక్కడ మాట్లాడింది ఊర్లె తెలుస్తదా?
బోర్డు చూసే నివేదికలు గోప్యం. పిల్లల పేరు, ఫొటో, బడి, చిరునామా బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. వాట్సాప్‌లో పెట్టినా తప్పే. అయితే పక్కన కూర్చున్న పిల్లవాడి నోటికి తాళం వేయలేం. ఇంటి గుట్టంతా అక్కడే విప్పనక్కర్లేదని పిల్లలకు ముందే చెప్పి పంపండి.

రేపు పోలీసు ఉద్యోగానికి అడ్డమైతదా?
24వ సెక్షన్ ప్రకారం అనర్హత కాదు. అప్పీలు గడువు దాటాక రికార్డును నాశనం చేయాలి. 16 ఏళ్లు దాటినవాళ్ల ఘోర నేరాల కేసుల్లో మాత్రం వేరే నియమాలున్నాయి.

ఉత్తర్వు నచ్చకపోతే?
30 రోజుల్లోపు చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. వకీలు ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100. ఫోన్ చేసేటప్పుడు ఉత్తర్వు కాపీ చేతిలో ఉంచుకోండి. తేదీ అడుగుతారు.