ముందు చెవికి, తర్వాత చేతికి

రేపు డిక్టేషన్ ఉందంటే సాయంత్రం ఇంట్లో బట్టీ మొదలవుతుంది: టి, ఒ, ఎమ్, ఒ, ఆర్, ఆర్, ఒ, డబ్ల్యూ. పాప ఎనిమిది అక్షరాలూ గడగడా అప్పజెబుతుంది. మర్నాడు బడిలో ఒక ఆర్ జారిపోతుంది. దయచేసి ఆ బట్టీని కాస్త పక్కన పెట్టండి. మాటను ఆగి ఆగి పలికించండి: టు, మార్, రో. ఒక్కో ముక్కకు రెండు మూడు అక్షరాలే. ఒక ఆర్ రెండో ముక్క చివర, ఇంకొకటి మూడో ముక్క మొదట. ఇక ఏదీ జారదు.

ఈ ముక్కలే సిలబుల్స్. ఒక్కో దానిలో ఒకే అచ్చు శబ్దం ఉంటుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పలికితే దవడ ఎన్నిసార్లు దిగిందో పిల్లలే లెక్కపెడతారు.

గుణింతాలు దిద్దిన పిల్లలకు ఇది తేలిగ్గానే పట్టుబడుతుంది. ఒక్కచోట మాత్రం మన అలవాటు అడ్డొస్తుంది. మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. ఇంగ్లిష్‌లో బస్ ఒకటే సిలబుల్, మన బస్సు రెండు. ఇంట్లో బస్సు అన్నందుకు పిల్లల్ని దిద్దకండి, అది చక్కటి తెలుగు. స్పెల్లింగ్ చెప్పించేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ పలుకును వినిపించండి. 'ఇ-డి'తో ముగిసే మాటల్లోనూ ఇదే చిక్కు. వాంటెడ్ రెండు సిలబుల్స్. నడిచాడని చెప్పే వాక్‌ట్ మాత్రం ఒకటే. రాతలో 'ఇ-డి' ఉన్నా దవడ రెండోసారి దిగదు. అసలు క్రియ టి శబ్దంతోనో డి శబ్దంతోనో ముగిస్తేనే ఆ అదనపు సిలబుల్ వస్తుంది.

ముక్క ఎలా ముగిసిందో కూడా గమనించమనండి. టైగర్‌లో మొదటి ముక్క అచ్చుతో ముగుస్తుంది కాబట్టి 'టై' అని సాగుతుంది, జి ఒక్కటే. డిన్నర్‌లో మొదటి ముక్క ఎన్‌తో మూసుకుంటుంది కాబట్టి అచ్చు పొట్టిది, ఎన్‌లు రెండు. అందులో ఒక ఎన్ తీసేస్తే అది డైనర్ అయిపోతుంది. లెమన్ లాంటివి ఈ దారికి రావు, ఎమ్ ఒక్కటే ఉన్నా అచ్చు పొట్టిదే. అలాంటివి ఎదురైనప్పుడు విడిగా గుర్తుపెట్టుకోవాలి.

బుధవారాన్ని చెప్పే మాటను రాసేటప్పుడు 'వెడ్-నెస్-డే' అని మూడుగా చెప్పుకోనివ్వండి. చదివేటప్పుడు రెండే: వెన్‌జ్-డే.

ఎక్కడ విరవాలన్న దగ్గర నిఘంటువులే ఒక్కోసారి ఒకదానితో ఒకటి కలవవు. పాప లె-మన్ అన్నా, లెమ్-అన్ అన్నా సరేననండి. రెండు సిలబుల్స్ విని, అక్షరాలు సరిగ్గా రాస్తే చాలు.