రిస్పా కావలి

చదువవలసిన భాగము: 2 సమూయేలు 21:1–14



హైదరాబాదునందలి జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అను పేర్లు మన పల్లెలలోని చిన్నపిల్లలకును తెలియును. తెలుగు సినిమాలు తయారగు చోట్లవి. పెండ్లికాని తల్లి తన పసికందును గుడిమెట్లమీదనో చర్చి వాకిటనో విడిచిపోవుటయు, ఆ బిడ్డ పెరిగి చివరకు తల్లిని కలిసికొనుటయు మనము ఎన్ని సినిమాలలో చూడలేదు! ఆ కొండకు దిగువనే యూసుఫ్‌గూడలో ప్రభుత్వ శిశువిహార్ ఉన్నది. విడువబడిన శిశువులు నిజముగా చేరు చోటది. అక్కడ చివరి ఘట్టమును వ్రాసిపెట్టువారు లేరు. తల్లి ఎవరో, ఇష్టపడి ఇచ్చెనో, ఎవరి బలవంతముచేత ఇచ్చెనో పిల్లలకు చెప్పగలిగినది రిజిష్టరు ఒక్కటే.

ఆ రిజిష్టరులోని మాట అబద్ధమైనచో ఏమి? 1999లోను 2001లోను హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలపై పోలీసు విచారణ జరిగెను. లంబాడీ తండాలలోని ఆడశిశువులను కొద్దిపాటి సొమ్మునకు కొని, విదేశములకు దత్తత పంపుచున్నారని వాటిపై వచ్చిన ఆరోపణ. ఆ తల్లులు పెండ్లియైనవారే గాని నిరుపేదలు. పేదరికము, ఆడపిల్ల అను కారణములపై బిడ్డను అప్పగించుటను 2001లో రాష్ట్ర ప్రభుత్వము నిషేధించెను. ఆ సంస్థలలో కొన్ని క్రైస్తవ నామము ధరించినవే. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. దాచిపెట్టుట అంతకంటె సిగ్గు.

ఐర్లండు దేశమున ఇట్టి గాయము మరింత పాతది. పెండ్లికాకయే గర్భవతులైన స్త్రీలను అక్కడ ఇంటివారు, సంఘపెద్దలు ప్రత్యేక గృహములకు పంపివేసెడివారు. ట్యూమ్ అను ఊరిలో కాథరిన్ కార్లెస్ అను చరిత్రకారిణి, అచ్చటి గృహములో చనిపోయిన 796 మంది పిల్లల మరణపత్రములను సేకరించెను. సమాధుల దాఖలా మాత్రము దొరకలేదు. 2014లో ఆ సంగతి లోకమంతట వినబడెను. 2015లో ప్రభుత్వము విచారణ కమిషన్‌ను నియమించెను. 1922 మొదలు 1998 వరకు 18 సంస్థలలో జరిగినది పరిశీలించి, 2021 జనవరిలో అది నివేదిక ప్రకటించెను. సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు ఆ గృహములలో నుండిరి. పిల్లలలో సుమారు 9,000 మంది మరణించిరి. ప్రధానమంత్రి రాజ్యము పక్షమున క్షమాపణ కోరెను.

“అవి రోమను కతోలికుల గృహములు గదా” అని మనము తప్పుకొనలేము. విచారింపబడిన వాటిలో డబ్లిను నగరపు బేతనీ గృహము ప్రొటెస్టెంటులదే. యేసు ప్రభువు సేదదీరిన ఊరిపేరు దానికి పెట్టిరి! దానికి చెందిన 222 మంది పిల్లల పేర్లతో 2014లో శ్మశానమున స్మారకశిల నిలిపిరి. అంతవరకు ఆ సమాధులకు గురుతు లేదు.

ఇప్పుడు మన వాక్యభాగమును చూతము. మూడేండ్లు కరవు కలిగినప్పుడు దావీదు దేవునియొద్ద విచారించెను. తప్పు తనది కాదు, గతించిన సౌలుది. అయినను “పాత సంగతి మనకెందుకు?” అని అతడు అనలేదు. ఆ కథలో ఏడుగురి మరణము మన హృదయమును కలచివేయును. వారిలో ఇద్దరికి తల్లియైన రిస్పా సౌలునకు ఉపపత్ని. ఆమె బండమీద గోనె పరచుకొని, కోతకాలము మొదలు వాన కురియువరకు పగలు పక్షులను, రాత్రి మృగములను తోలుచు కావలి కాచెను. రాజునకు ఆ సంగతి తెలిసెను. అతడు ఎముకలను ఏర్పించి, సమాధిలో పెట్టించెను. దేశముకొరకు చేసిన ప్రార్థన ఆ తరువాతనే అంగీకరింపబడెనని గ్రంథము చెప్పుచున్నది.

విచారణ పెట్టుట మాత్రమే చాలదు, రిస్పా మాట వినవలెను. ఐర్లండులో అనేకమంది తల్లులు తమ సాక్ష్యమునకు నివేదికలో తగిన విలువ ఇయ్యలేదని దుఃఖించిరి. మనయొద్ద ఏనాడైన ఇట్టి విచారణ వచ్చినయెడల సంఘము తన రిజిష్టర్లను తానే తెరచి చూపవలెను. అది సంఘముపై దాడి కాదు, సంఘమునకు స్వస్థత.

నేటి చట్టము కొంత మేలు చేసినది. బిడ్డను అప్పగించు తల్లి బాలల సంక్షేమ సమితి యెదుటికి రావలెను. పునరాలోచించుకొనుటకు ఆమెకు రెండు నెలల గడువున్నది. పెండ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకయే తన బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ న్యాయము అడిగినది ఒక క్రైస్తవ స్త్రీయే. కాని ఆ గడువు రెండు నెలలు ఆమె ఎవరి యింట నుండును? చట్టము ఇంటితలుపు తెరువలేదు. అది మన చేతిలోనే యున్నది.

ఆలోచించుటకు:

1. మన సంఘములో ఇట్టి కుమార్తె నున్నయెడల, ఆదివారమున ఆమె ప్రక్కన కూర్చుండువారెవరు?

2. అట్టి స్త్రీని ఊరు దాటించి, పరువు దక్కెనని మనము ఎప్పుడైన ఊరట పొందితిమా?

3. ఆమెను గూర్చి తీర్మానించు పెద్దల కూటమిలో ఆమె మాట వినువారున్నారా?