మంచు క్రింద మొదటి పది నిమిషములు



మంచు కొండల సంగతి మనకెందుకని మీరు అనుకోవచ్చును. కాని సైన్యములో ఉద్యోగము చేసే బిడ్డలు మన కుటుంబములలో ఉన్నారు. సెలవులకు మనాలి వైపు కొండలెక్కబోయే కాలేజీ పిల్లలూ ఉన్నారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న స్థావరముపై మంచు విరుచుకుపడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన పదిమంది కూరుకుపోయారు. వారిలో ఒకరు మన కర్నూలు జిల్లా జవాను. ఆరు రోజుల తరువాత హనుమంతప్ప అనే కర్ణాటక జవాను ప్రాణముతో దొరికారు గాని, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో మరణించారు. అన్ని రోజులు బ్రతికి ఉండుట బహు అరుదు.

మంచు దుప్పట్లు పేర్చినట్లు పొరలు పొరలుగా పడుతుంది. నడుమ ఒక పొర పంచదారవలె పొడిపొడిగా మిగిలితే, దానిపైనున్న గట్టి పొర పెద్ద పలకలాగా ఒక్కసారిగా జారిపోతుంది. 30 నుండి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదము ఎక్కువ. జారించేది కూడా చాలాసార్లు ఆ దారిన నడిచే మనుషుల బరువే. క్రొత్త మంచు బాగా కురిసిన మరునాడు, గాలి మంచును ఒకవైపు పోగుచేసినప్పుడు, ఎండ హఠాత్తుగా కాసినప్పుడు ఆ వాలులకు పోరాదు. కాలు పెట్టగానే ‘ధుమ్’మని శబ్దము వచ్చినా, మంచులో పగులు ప్రాకినా వెంటనే వెనుదిరగాలి. హిమాలయ ప్రాంతములకు చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ మంచు హెచ్చరికలు తయారుచేస్తుంది. బయలుదేరే ముందు వాటిని అడిగి తెలుసుకొనుమని పిల్లలకు చెప్పండి.

జారిన మంచు ఆగగానే సిమెంటువలె బిగుసుకుంటుంది. వ్రేలు కదపలేము. చలికి చనిపోతారని చాలామంది అనుకుంటారు. ఎక్కువమంది చనిపోయేది ఊపిరాడకనే. పది నిమిషములలోపు బయటకు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది వరకు బ్రతుకుతారు. అరగంట దాటితే మూడింట రెండు వంతుల మంది దక్కరు. హెలికాప్టరు వచ్చేసరికి ఆ సమయము దాటిపోతుంది గనుక కాపాడవలసినది ప్రక్కనున్నవారే. అందుకే ప్రతి ఒక్కరి వద్ద జాడ తెలిపే రేడియో పరికరము, గ్రుచ్చి వెదకే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. ఒక్కరి దగ్గర ఉంటే చాలదు, ఆ ఒక్కరే కూరుకుపోవచ్చును గదా!

త్రవ్వేటప్పుడు ముందుగా ముఖము, తరువాత రొమ్ము బయటపెట్టండి. కాళ్లు తరువాత చూసుకోవచ్చును. నోటిలోని మంచు తీసి, శ్వాస లేకపోతే నోటితో ఊపిరులు ఊది, గుండె నొక్కుట మొదలుపెట్టండి. (మన ఊళ్లలో బావి త్రవ్వుతుండగా మట్టి విరిగిపడినప్పుడు కూడా ముందు చూడవలసినవి ముఖము, రొమ్మే. చేయి దొరికితే చేయి పట్టుకొని లాగేవారే ఎక్కువ!)

శ్వాస ఉన్నవారిని కుదుపక, పడుకోబెట్టియే ఉంచండి. బాగా చల్లబడిన గుండె చిన్న కుదుపుకే లయ తప్పుతుంది. తడి బట్టలు తీసి పొడి దుప్పటి కప్పండి. చేతులు కాళ్లు రుద్దరాదు, సారాయి అసలే పట్టరాదు. శరీరము చల్లగా ఉన్నదని, నాడి అందలేదని చనిపోయారనుకొని విడిచిపెట్టవద్దు. అట్టివారిని ఆసుపత్రిలో వెచ్చబరచిన తరువాతనే డాక్టరుగారు ఆ మాట చెప్పగలరు.