వాటా ఇచ్చేశాక కూడా బాకీ మనదేనా?

ఫ్రెండ్స్‌తో కలిసి బిజినెస్ ఎలా మొదలుపెట్టాలో మనకి అందరూ చెప్తారు. అందులోంచి ఎలా బయటికి రావాలో ఎవరూ చెప్పరు. అందుకే పార్ట్‌నర్‌షిప్ గురించి నేను చదివింది రాస్తున్నా.

మా బాబాయి హార్డ్‌వేర్ షాపులో తన వాటా పార్ట్‌నర్‌కి ఇచ్చేశారు. స్టాంపు పేపర్ మీద సంతకాలూ అయ్యాయి. తర్వాత ఆ పార్ట్‌నర్ పెయింట్లు అరువు తెచ్చాడు. పాత డీలర్ మాత్రం డబ్బులు కట్టమని బాబాయికి ఫోన్ చేశాడు!

డీలర్ అడగడం న్యాయమే. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం, 32వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా బయటికెళ్లిన పార్ట్‌నర్ కూడా బయటివాళ్లకి బాధ్యుడే. ఆయన పార్ట్‌నరని తెలియకుండా వ్యాపారం చేసినవాళ్లు మాత్రం ఆయన్ని అడగలేరు. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, పాస్‌వర్డ్ మార్చి పాత ఫోన్లలో లాగౌట్ చేయనట్టు.

మరి నోటీసు ఎలా ఇవ్వాలి? 72వ సెక్షన్ చూడండి. రిజిస్టరైన ఫర్మ్ అయితే మూడు పనులు: రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి తెలపాలి, గెజిట్‌లో వేయించాలి, ఆ జిల్లాలో నడిచే ఒక స్థానిక భాషా పత్రికలో వేయించాలి. అంటే మన ఊళ్లలో తెలుగు పేపర్‌లో! మనం చదవకుండా తిప్పేసే ఆ చిన్న ప్రకటనల విలువ అదీ.

ఇంకో రెండు విషయాలు. బయటికి రాకముందు చేసిన అప్పులు నోటీసుతో పోవు. అప్పిచ్చినవాళ్లూ, మిగతా పార్ట్‌నర్లూ ఒప్పుకోవాలి. జీఎస్టీ కమిషనర్‌కి నెలలోగా రాతపూర్వకంగా తెలపకపోతే, తెలిపే రోజుదాకా పన్ను బాధ్యత కూడా ఉంటుంది.

కాబట్టి వాటా పేపర్ మీద సంతకం పెట్టిన రోజే నోటీసు పని కూడా మొదలుపెట్టండి.